కన్సోల్ వెనుక ధైర్యం, కెమెరా ముందు వణుకు: ఇది జబ్బేనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కావలిలో ఉంటూ పెళ్లిళ్లకు, ఊరేగింపులకు డీజేగా వెళ్తాను. అప్పుడప్పుడు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. చిన్నప్పటి నుంచి నలుగురిలో కలవను. ఇప్పుడు అడ్వాన్సు ఇచ్చే ముందే ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూపించమంటున్నారు. రీల్ కోసం కెమెరా వైపు తిరిగితే గుండె దడ, చేతుల వణుకు. వీడియో పెట్టిన రాత్రి లైకులు చూసుకుంటూ తెల్లవారుతుంది. ఏడాదిగా ఇదే పరిస్థితి. ఈ మధ్య రీల్ తీసే ముందు బీరు తాగుతున్నాను. నాది మానసిక జబ్బా?

జవాబు: నలుగురిలో కలవకపోవడం జబ్బు కాదు. అంతర్ముఖత్వం అనే మాటను 1921లో ప్రచారంలోకి తెచ్చిన స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ కూడా దానిని స్వభావంగానే వర్ణించాడు. అంతర్ముఖులు జనంలో అలసిపోతారు, కాసేపు ఒంటరిగా ఉంటే తేరుకుంటారు. ఎదుటివారు తమను తక్కువగా అంచనా వేస్తారేమోనని ముందు నుంచే బెంగపడి, పని ముగిశాక కూడా జరిగిన పొరపాట్లనే తలచుకుని కుమిలిపోవడాన్ని మాత్రం సామాజిక ఆందోళన అంటాం. మీ స్వభావానికి చికిత్స అక్కరలేదు, ఈ భయానికి ఉంది.

వందల మంది మధ్య నిలబడగలిగిన మీరు చేతిలో పట్టే ఫోనుకు జడవడం వింతగా తోచవచ్చు గానీ, అందులో ఒక తర్కం ఉంది. పెళ్లిలో జనం చూపు వధూవరుల మీద, ఆడేవాళ్ల మీద ఉంటుంది. పాట నచ్చలేదని అర నిమిషంలో మీకే తెలిసిపోతుంది, వెంటనే మార్చేస్తారు. రీల్‌లో ఎదుటివారి ముఖం కనిపించదు, తీర్పు ఎప్పుడో అంకెల రూపంలో వస్తుంది, దాన్ని సరిదిద్దుకునే వీలుండదు. ఆ అంకె ఒకసారి పెరిగి, మరోసారి పెరగకపోవడం వల్లనే పేకాటలో మరో ముక్క కోసం చాచినట్టు చెయ్యి మళ్లీ మళ్లీ ఫోను మీదికి పోతుంది. దడ, వణుకు భయం వేసినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోను పనే; వాటంతట అవి గుండె జబ్బుకు గుర్తులు కావు. అయినా ఒకసారి బీపీ, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది బీరు. అది కొద్ది గంటలు భయాన్ని అణచినా, దిగేటప్పుడు ఆందోళనను పెంచుతుంది, రాత్రి రెండో సగంలో నిద్రను చెడగొడుతుంది. పైగా ధైర్యం సీసాలోనే ఉందని మెదడు నేర్చుకుంటుంది.

బుకింగ్‌లకు పేజీ అవసరమే కావచ్చు, అందులో మీ ముఖమే ఉండాలన్న నియమం లేదు. ఫ్రాన్స్‌కు చెందిన డాఫ్ట్ పంక్ అనే సంగీతకారుల జంట 2021లో విడిపోయే వరకు దాదాపు రెండు దశాబ్దాలు హెల్మెట్ల చాటునే ప్రపంచ ప్రసిద్ధి పొందింది. మీ చేతులు, కన్సోల్, ఆడుతున్న జనం కనిపించే వీడియోలు (వారి అనుమతితోనే సుమా) చాలు. పేజీ నిర్వహణ నమ్మకమైన తమ్ముడికో స్నేహితుడికో అప్పగించి, లైకుల అంకె కనిపించకుండా సెట్టింగ్ మార్చుకోండి. అర్ధరాత్రి ముహూర్తాలకు వాయించి వచ్చిన రోజు వీడియో పెట్టకండి, ముందు నిద్రపోండి.

భయాన్ని పూర్తిగా తప్పించుకు తిరిగితే అది ముదురుతుంది కనుక, ఎవరికీ పంపని వీడియో తీసుకోవడంతో మొదలుపెట్టి, తర్వాత ఒక స్నేహితుడికి చూపండి, ఆ తర్వాతే పేజీలో పెట్టండి. ప్రతి మెట్టు దగ్గర దడ తగ్గేదాకా ఆగండి; దడ మొదలవగానే కెమెరా ఆపేస్తే లాభం ఉండదు.

ఇలాంటి భయం ఆరు నెలలు దాటి, వృత్తికి అడ్డుపడుతుంటే నిపుణుడిని కలవాలి. మీకు ఏడాది అయింది. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. అంతకుముందే మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. బతకాలనిపించని ఆలోచన వస్తే మాత్రం ఆలస్యం చేయకండి. ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ సమస్యకు బాగా పనిచేస్తుంది. అవసరమైతే ఇచ్చే మందులు ఫలితం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. ప్రోగ్రాం ముందు వేసుకుంటే వణుకు తగ్గుతుందని తోటి కళాకారులు ప్రొప్రనొలాల్ అనే మాత్ర పేరు చెప్పవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం, కాబట్టి సొంతంగా మందుల షాపులో కొనవద్దు. డాక్టరు దగ్గర బీరు సంగతి దాచకుండా, వారానికి ఎన్నిసార్లు, ఎంత తాగుతున్నారో రాసుకుని వెళ్లండి.