మూడు వారాలైనా ముల్లు కదలదేం?

ప్రశ్న: మూడు వారాలుగా తిండి తగ్గించి, రోజూ 40 నిమిషాలు నడుస్తూ కొత్తగా బరువులు కూడా ఎత్తుతున్నాను. తగ్గకపోగా అరకిలో పెరిగాను. మానేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. వారానికి అరకిలో కొవ్వు కరిగిందనుకున్నా రోజుకు 70 గ్రాములే. ఒంట్లో నీరు మాత్రం ఒక్కరోజులోనే కిలో అటూ ఇటూ అవుతుంది. ఇక ఆ 70 గ్రాములు త్రాసుకు ఏం కనిపిస్తాయి? పైగా కొత్తగా వ్యాయామం మొదలుపెడితే నొప్పిపట్టిన కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి. ముందురోజు ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా, మలబద్ధకం ఉన్నా త్రాసు ఎక్కువే చూపిస్తుంది.

పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు, గట్టి నేల మీద పెట్టిన త్రాసుపై బరువు చూసుకోండి. రోజువారీ అంకెను పట్టించుకోకండి; ఏడు రోజుల సగటును కిందటి వారం సగటుతో పోల్చండి. నెలసరి వచ్చేవారు కిందటి నెల అదే వారంతో పోల్చుకోవాలి. వారానికోసారి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట బిగించకుండా బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. చాలాసార్లు బరువు కంటే ముందు నడుమే తగ్గుతుంది.

నాలుగైదు వారాలకూ రెండూ కదలకపోతే లెక్క ఎక్కడో తప్పుతోంది. చాలామందిలో అది వంటనూనె, తీపి పానీయాలు, వంట చేస్తూ రుచి చూసేవే. నూనెను చెంచాతో కొలవండి: 5 మిల్లీలీటర్లకే సుమారు 40 కేలరీలు. విపరీతమైన నీరసం, కాళ్లవాపు ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా ఆగకుండా డాక్టరును కలవండి. మందులు మీరై మీరు మానకండి.