ఎదురుగాలికి సూటిగా వెళ్ళిన ఓడ

చిరంజీవికి,

ఆశీస్సులు. ఆంగ్లేయుల పాత యుద్ధనౌక ‘ట్రింకోమలీ’ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. వాక్యం నీకు చెయ్యి తిరిగింది, అందులో ఢోకా లేదు. పద్దెనిమిది పేజీల్లో పద్నాలుగు పేజీలు ఫిరంగులు పేల్చావు. చదువుతూంటే మా కిటికీ తలుపులు కూడా అదిరినట్టనిపించింది. చిక్కల్లా ఒక్కటే. ఆ ఓడ అలాంటి సముద్రయుద్ధం ఒక్కటీ చెయ్యలేదు.

కోప్పడుతున్నాననుకోకు. నీ వయసులో నేనూ ఓడ కథ రాశాను. కోరంగి రేవు రోజుల్లో జరిగినట్టు కల్పించి, గొప్పగా ఉందనుకుని, ఉప్పుటేరు గట్టు మీద కూర్చున్న ఒక ముసలి సరంగుకి చదివి వినిపించాను. తూర్పుగాలి హోరుమంటుంటే నా ఓడ తెరచాపలెత్తి తిన్నగా తూర్పుకే బయలుదేరింది. ఆయన బీడీ ఆర్పి, ‘మాస్టారూ, మీ ఓడకి ఇంజనుందాండీ?’ అన్నాడు. అక్కడితో కథ చిరిగింది. అడ్డ పరిమాన్ల మీద, అంటే తెరచాప వేలాడదీసే అడ్డ కొయ్యల మీద, చతురస్రపు తెరచాపలు కట్టిన ఓడ గాలి ముఖాన పోలేదు. ఇటు కొంత, అటు కొంత అడ్డంగా కోసుకుంటూ పోవాలి. పది మైళ్ళ దూరానికి పాతిక మైళ్ళు తిరగాల్సి రావచ్చు. మలుపు తిప్పిన ప్రతిసారీ వందమంది తాళ్ళు లాగాలి. ఆ లాగుడు లేకుండా ఓడ కదలదు, కథా కదలదు.

నీ కథలోకి వద్దాం. మొదటి పేజీలో ‘ఆంగ్లేయులు కట్టిన అజేయమైన ఓక్ నౌక’ అన్నావు. అది ఓక్ కాదు, టేకు. మలబారు అడవుల టేకు. కట్టింది బొంబాయి రేవులో. కట్టించిన మేస్త్రి పార్శీ ఆయన, జంషెట్‌జీ బొమన్‌జీ వాడియా. వాళ్ళ ఆచారం ప్రకారం ఓడ వెన్నెముక దూలంలో వెండి మేకు దిగ్గొట్టి 1816లో పని మొదలుపెట్టారు. 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దించారు. నెపోలియన్‌తో యుద్ధాల్లో ఇంగ్లండుకి ఓక్ కర్ర కరువైంది, అందుకని పని ఇక్కడికొచ్చింది. టేకుకి ఇంకో గుణముంది. ఓక్‌లోని పులుపు ఇనుప మేకుల్ని తినేస్తుంది, టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. ఇల్లు కట్టించుకున్న మనవాళ్ళెవరికైనా టేకు సంగతి చెప్పక్కర్లేదు. నువ్వేమో కథంతా ఓక్ వాసనే పట్టించావు.

ఆ ఓడ పుట్టుక ముందు జరిగింది వింటే నీకు ఫిరంగులు గుర్తుకు రావు. నక్షాలు ఇంగ్లండునించి ‘జావా’ అనే ఓడలో బయలుదేరాయి. 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా వాళ్ళ ‘కాన్‌స్టిట్యూషన్’ దాన్ని ఓడించి తగలబెట్టింది. నక్షాలు సముద్రం పాలయ్యాయి. మళ్ళీ ఇంకో ప్రతి పంపాల్సొచ్చింది. ఇప్పుడు చూడు తమాషా: ఆ నక్షాల్ని ముంచిన కాన్‌స్టిట్యూషన్ ఈనాటికీ బోస్టన్‌లో తేలుతూనే ఉంది. ఆ నక్షాతో పుట్టిన ట్రింకోమలీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది. రెండు ముసలి ఓడలు, మధ్యలో ఒక అట్లాంటిక్.

తయారైన ఓడ 1819లో పోర్ట్స్‌మత్ చేరింది. అప్పటికి యుద్ధం ముగిసి నాలుగేళ్ళు. పెళ్ళి అయిపోయాక వచ్చిన బాజాల మేళంలా ఉంది దాని పని. తెరచాప కొయ్యలు పీకి, పైన కప్పు వేసి, ఒక మూల కట్టేశారు. 1845లో బయటికి లాగి, 38 ఫిరంగుల ఓడని 26 ఫిరంగుల ఓడగా మార్చి, 1847లో మొదటిసారి కొలువులో పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళు, నాయనా! సముద్రం చూడకుండా అన్నేళ్ళు కూర్చున్న యుద్ధనౌక. ఆ ఏళ్ళన్నిటికీ నీ కథలో ఒక్క వాక్యం లేదు. నన్నడిగితే కథ అక్కడే ఉంది.

ఇక నీ కలాసీలు. వాళ్ళని ఫిరంగుల పక్కన పడుకోబెట్టావు. ఆంగ్లేయుల నౌకాదళపతి నెల్సన్ ఎక్కిన ‘విక్టరీ’ లాంటి పెద్ద ఓడలో అది సరే, అక్కడ ఫిరంగుల మధ్యే తిండి, ఫిరంగుల మధ్యే నిద్ర. ట్రింకోమలీ అంతకన్నా చిన్నది, ఫ్రిగేట్ అనే రకం. దీంట్లో ఫిరంగులు పై అంతస్తులో, మనుషులు దాని కింద అంతస్తులో. తల వంచి నడవాలి. అక్కడ కిటికీల్లేవు. దూలాలకి కాన్వాసు ఊయలలు కట్టుకుని పడుకునేవాళ్ళు, లెక్క ప్రకారం మనిషికి 14 అంగుళాల వెడల్పు. జానన్నర అనుకో. సగంమంది పైన డ్యూటీలో ఉంటారు గనక పక్క ఊయల ఖాళీగా ఉండి కాస్త ఒళ్ళు మెదిలేది. తెల్లారేసరికి ఊయల చుట్టచుట్టి పైకి తీసుకెళ్ళి ఓడ అంచున పేర్చాలి. గాలీ తగులుతుంది, కాల్పులొస్తే గోడలాగానూ పనికొస్తుంది.

కాలం అక్కడ ఇసుకలో నడిచేది. అరగంటకోసారి ఇసుక గడియారం తిప్పి గంట మోగించడం, అలా ఎనిమిదిసార్లు తిప్పితే ఒక కాపలా పూర్తి, అంటే నాలుగు గంటల కాలం. సాయంత్రం నాలుగునించి ఎనిమిదిదాకా మాత్రం కాపలాని రెండు ముక్కలు చేసేవాళ్ళు. ఎందుకో తెలుసా? లేకపోతే అర్ధరాత్రి కాపలా రోజూ ఒకే జట్టు నెత్తిన పడుతుంది. ఈ చిన్న లెక్క కనిపెట్టినవాడికి మనుషుల సణుగుడు బాగా తెలుసుండాలి.

పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని, ఇసుక చల్లి, రాయితో డెక్కు తోమడం. అది పూర్తయ్యాక తిండి. బిస్కెట్ అంటే మన టీలో ముంచుకునేది అనుకున్నావేమో, నీ కథానాయకుడు ‘కరకరా నమిలాడు’. పిండీ నీళ్ళూ కలిపి రాయిలా కాల్చిన బిళ్ళ అది. బల్లకేసి కొడితే లోపలి పురుగులు రాలేవి. ఏ బల్లకి ఎవరు కూర్చోవాలో వాళ్ళే కూడుకునేవాళ్ళు. జట్టులో వంతులవారీగా ఒకడు వంటగదినించి తిండి తెచ్చి పంచాలి. ముక్క చిన్నదొచ్చిందని ఎన్ని తగాదాలో ఊహించు.

ఇంకొకటి. నావికుడికి రోజూ ఇచ్చే రమ్ముని 1850లో సగానికి తగ్గించారు. ట్రింకోమలీ మొదటి విడత 1847నించి 1850దాకా అట్లాంటిక్ వైపు, రెండో విడత 1852నించి 1857దాకా పసిఫిక్‌లో. అంటే రెండు విడతలూ ఎక్కినవాడెవడైనా ఉంటే వాడి లోటాలో సగం మాయమైంది. ఐదేళ్ళపాటు వాడు ఇంకేం మాట్లాడతాడయ్యా? నీవాళ్ళు మాత్రం రాణిగారి కీర్తి గురించి మాట్లాడుకుంటున్నారు.

అయినా రక్తం కావాలంటావా? ఉంది, కాని అది నీకు నచ్చే రకం కాదు. 1856లో వాంకూవర్ దీవిలో కౌవిచన్ అనే చోట ఆదివాసీ ఒకతను ఒక తెల్ల వలసదారుని కాల్చాడు. అతన్ని పట్టుకోడానికి ట్రింకోమలీ వెళ్ళింది. తెరచాపల ఓడ గదా, ఒక ఆవిరి ఓడ తాడు కట్టి లాక్కెళ్ళింది. నావికులు, సైనికులు కలిసి 400 మందికి పైగా ఒడ్డున దిగారు. అతన్ని అక్కడే విచారించి, అక్కడే ఉరి తీశారు. మన టేకు, మన వడ్రంగుల ఉలి, ఎవరికో తీర్పు చెప్పడానికి ఇంకెవరి ఒడ్డుకో వెళ్ళింది. దీన్ని ఎలా రాయాలో నాకూ తోచక పదేళ్ళుగా పక్కన పెట్టాను. నీకు తోస్తే రాయి. వీరుణ్ణి వెతకకు, ఆ తాడు దగ్గర మొదలుపెట్టు. ఆవిరి ఓడ పొగ వెనకనున్న తెరచాపల మీద పడుతుంటే, రేపు వాటిని ఉతకాల్సింది ఎవడు?

తర్వాతిది క్లుప్తంగా చెప్తాను. కొన్నాళ్ళు నావికులకు బడి. 1897లో తుక్కుకింద అమ్మేశారు. వీట్లీ కాబ్ అనే ఆయన కొని, తన పాత ఓడ తుపానుకి పగిలిపోతే దాని పేరు ‘ఫుడ్రోయంట్’ దీనికి పెట్టి, పిల్లలకి ఓడపని నేర్పించాడు. 1992లో పాత పేరు తిరిగొచ్చింది, మరమ్మతులు 2001దాకా సాగాయి. నీ కథలో ఇవన్నీ అక్కర్లేదు, ఓడ వేరే పేరుతో ఎన్నో దశాబ్దాలు బతికిందన్న ఒక్క సంగతి తప్ప.

ఆ పద్నాలుగు పేజీలు పారెయ్యకు, డ్రాయరులో పెట్టుకో, ఇంకో ఓడకి పనికొస్తాయి. మిగిలిన నాలుగింటిలో మూడో పేజీ బాగుంది, పొగాకు నములుతూ తన ఊయల ముడి తనే కట్టుకోలేని ఆ కుర్రాడు. వాణ్ణి వదలకు.

ఆదివారం ఉప్పుటేరు గట్టుకి పోదాం. చేపల బోట్లు కట్టే చోట పలకల సందుల్లో దూది దూర్చి సుత్తితో దిగ్గొడుతుంటారు. ఆ చప్పుడు కాగితం మీద పెట్టడం నాకింకా రాలేదు. ఆరింటికల్లా రా, ఎండెక్కితే వాళ్ళు పని ఆపేస్తారు. చెప్పులు పాతవి వేసుకో, తారు అంటుకుంటే పోదు.

ఇట్లు,
నీ మాస్టారు