ఐసాలో రెండేళ్లకు కట్టేసే ముందు ఇంటి సంగతి ఆలోచించండి

లండన్‌లో ఉద్యోగం, చేతిలో 15,000 పౌండ్లు, వాటిని క్యాష్ ఐసాలో (బ్రిటన్‌లో వడ్డీకి పన్ను లేని పొదుపు ఖాతాలో) వేయాలనుకుంటున్నాను, డబ్బు కదపకుండా ఉంచే రెండేళ్ల ఫిక్స్‌డ్ రేటు మంచిదా, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల ఈజీ యాక్సెస్ మంచిదా అని అడిగారు. చివర్లో అమ్మగారు వరంగల్‌లో ఒక్కరే ఉంటారని కూడా రాశారు. నాకు అన్నిటికంటే ఆ మాటే పెద్దగా కనిపించింది. ఈజీ యాక్సెస్‌లో వేయండి. ఎందుకంటున్నానో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను రెడింగ్‌లో ఉంటాను. 2024 ఏప్రిల్లో మీలాగే తర్జనభర్జన పడి, 18,000 పౌండ్లు 4.5 శాతానికి రెండేళ్ల ఫిక్స్‌డ్ ఐసాలో వేశాను. ఆ రోజుల్లో కొన్ని ఈజీ యాక్సెస్ ఐసాలలో అంతకంటే ఎక్కువే వచ్చేది. అయినా ఇక్కడి వడ్డీలన్నిటికీ ఆధారమైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 5.25 శాతం దగ్గర ఉంది, ఇక దిగడమే తరువాయి, మిగతావాళ్లవి పడిపోయినా నాది నిలుస్తుంది అని నా లెక్క. ఆ లెక్క తప్పలేదు. ఆగస్టు 1న 5 శాతానికి దించారు, తర్వాత కూడా దించుతూనే వచ్చారు.

ఆగస్టు 16, శుక్రవారం, ఉదయం ఆరు గంటలకు తెనాలి నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. నాన్నగారు పెరట్లో తడి రాళ్ల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకువెళ్లారు. బీమా ఉంది గానీ ఆ ఆసుపత్రిలో ముందు మనమే కట్టి తర్వాత తెచ్చుకోవాలి. "అన్నయ్యా, మొత్తం నాలుగు లక్షల దాకా అవుతుందట. సాయంత్రంలోగా రెండు లక్షలు కడితే రేపు పొద్దున్నే ఆపరేషన్ చేస్తామంటున్నారు" అంది. ఆ నెలే ఇల్లు మారాను, కొత్త ఇంటికి డిపాజిట్ కట్టాను. మామూలు ఖాతాలో 600 పౌండ్లు ఉన్నాయి.

బ్యాంకు ఫోను ఎనిమిదింటికి గానీ తెరవరు. అంటే గుంటూరులో పన్నెండున్నర. నలభై నిమిషాలు అదే సంగీతం వింటూ వంటింట్లో నిలబడ్డాను. చివరికి పలికిన అమ్మాయి మర్యాదగానే చెప్పింది. కొంత మాత్రమే తీయడం కుదరదు, తీస్తే ఖాతా మొత్తం మూసేయాలి, 180 రోజుల వడ్డీ కోత, డబ్బు సోమవారం చేరుతుంది. నాకు కావలసింది 4,000 పౌండ్లు. మూయవలసింది 18,000 పౌండ్ల ఖాతా.

మళ్లీ చెల్లెలికి చేశాను. సోమవారం అని చెప్పగానే ఒక్క క్షణం ఆగి, "సరేలే అన్నయ్యా, నేను చూసుకుంటాను" అంది. ఏం చూసుకుందో రాత్రికి మా బావగారు చెబితే తెలిసింది. ఆసుపత్రి వరండాలో చేతులు కడుక్కునే పంపు దగ్గర సబ్బు రాసుకుని పెళ్లినాటి నాలుగు గాజులూ తీసిందట. ఎడమ చేతి గాజు ఒకటి ఎంతకీ రాక మణికట్టు దగ్గర చర్మం లేచిపోయిందట. వాటిని తాకట్టు పెట్టి ఐదు గంటలకు కౌంటర్లో డబ్బు కట్టింది. 18,000 పౌండ్లు ఉన్న అన్న రెడింగ్‌లో ఉండగా, ఇద్దరు పిల్లలతో నెట్టుకొస్తున్న చెల్లెలు గాజులు తీసింది. ఆ మాట ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

కోత సంగతి కూడా చెప్పాలి. ఖాతా తెరిచి 120 రోజులే అయింది. వచ్చిన వడ్డీ సుమారు 266 పౌండ్లు, కోత సుమారు 400. మిగతా 133 పౌండ్లు అసలులోంచి పోయాయి. "కోత అంటే వడ్డీలోంచేగా" అనుకునేవాళ్లు దయచేసి ఈ అంకెలు చూడండి. అంతకంటే పెద్ద నష్టం తర్వాత తెలిసింది. నాన్నగారికి పంపగా మిగిలినదాన్ని మళ్లీ ఐసాలో వేద్దామని వెళితే, ఈ పన్ను సంవత్సరానికి ఇక 2,000 పౌండ్లే వేయగలరన్నారు. ఏడాదికి 20,000 పరిమితి, అందులో 18,000 ఏప్రిల్లోనే వాడేశాను, బయటికి తీసినది తిరిగి లెక్కలోకి రాదు. నాకు అత్యవసరంగా కావలసింది 4,000 మాత్రమే అయినా, మిగతా 14,000 కూడా ఐసాలోంచి బయటపడింది. ఆ తొందరలో డబ్బు ఎక్కడైనా అప్పు తెచ్చి, ఐసాను మూయకుండా ఇంకో బ్యాంకు ఈజీ యాక్సెస్ ఐసాకు బదిలీ చేయమని అడిగి ఉంటే, కోత పడినా పన్ను మినహాయింపు మిగిలేది. క్యాష్ ఐసా నుంచి క్యాష్ ఐసాకు బదిలీ 15 పనిదినాల్లో పూర్తి కావాలి. ఆ మాట ఫోనులో ఎవరూ చెప్పలేదు.

"అసలు ఐసా ఎందుకు, వెయ్యి పౌండ్ల వడ్డీ దాకా పన్ను లేదుగా" అని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ వెయ్యి 20 శాతం పన్ను కట్టేవాళ్లకు. జీతం 50,270 దాటి 40 శాతంలో పడితే మినహాయింపు 500 పౌండ్లే. 4.5 శాతం వడ్డీకి సుమారు 11,100 పౌండ్ల పొదుపుతోనే ఆ 500 నిండిపోతుంది. ఇక్కడ ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లలో ఎంతోమంది ఆ గీత దాటినవాళ్లే. ఇంకో మాట, నాకు నిజంగా కోపం తెప్పించేది: "ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లో వేసేయండి, పన్నే లేదు" అనే సలహా. ఎన్‌ఆర్‌ఈ అంటే ప్రవాసులు విదేశీ సంపాదనను ఇండియా బ్యాంకులో వేసుకునే ఖాతా. దానికి పన్ను లేనిది ఇండియాలో. బ్రిటన్ నివాసికి ఆ వడ్డీ ఇక్కడ పన్ను లెక్కలోకి వస్తుంది. కొత్తగా వచ్చి అర్హత ఉన్నవాళ్లకు 2025 ఏప్రిల్ నుంచి మొదటి నాలుగేళ్లు వెసులుబాటు ఉంది, అదీ రిటర్నులో అడిగి తీసుకోవాలి. తెలియకుండా సలహాలిచ్చి ఇంకొకరి నెత్తి మీద నోటీసు పెట్టడం పాపం. అలాగే ఐసా వడ్డీకి ఇండియాలో మినహాయింపు లేదు, తిరిగి వెళ్లి అక్కడ పూర్తి నివాసి అయ్యాక అది అక్కడి ఆదాయమే.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. 2024 ఏప్రిల్ నుంచి ఒకే ఏడాదిలో ఒకటికి మించి క్యాష్ ఐసాలలో డబ్బు వేయవచ్చు, పరిమితి మొత్తం కలిపి 20,000. కాబట్టి ఒక ఆసుపత్రి ఖర్చు, రెండు విమాన టికెట్లు, మూడు నెలల అద్దె లెక్కవేసి అంత సొమ్ము ఫ్లెక్సిబుల్ అని రాసి ఉన్న ఈజీ యాక్సెస్ ఐసాలో ఉంచాను. ఫ్లెక్సిబుల్ అయితే తీసినదాన్ని అదే పన్ను సంవత్సరంలో తిరిగి వేయవచ్చు, పరిమితి తగ్గదు. పైన మిగిలితేనే ఏడాది ఫిక్స్‌డ్. రెండేళ్లకు మాత్రం మళ్లీ వేయను. ఫిక్స్‌డ్‌లో ఒకవేళ అర శాతం ఎక్కువ వచ్చినా 15,000 మీద ఏడాదికి 75 పౌండ్లే. దానికోసం అమ్మగారికీ మీకూ మధ్య ఒక శని ఆదివారం అడ్డు పెట్టుకోకండి.

మీ వయసు 65 లోపే అనుకుంటాను. 2027 ఏప్రిల్ నుంచి ఆ వయసు లోపువాళ్లకు క్యాష్ ఐసా పరిమితి ఏడాదికి 12,000కు తగ్గిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అందుకని అనవసరంగా బయటికి తీసే పరిస్థితి తెచ్చుకోకండి. ఈజీ యాక్సెస్ ఎంచుకునేటప్పుడు బ్యాంకును మూడు విషయాలు అడగండి: ఇది ఫ్లెక్సిబులా, ఏడాదికి ఎన్నిసార్లు తీయవచ్చు, చూపిస్తున్న రేటులో పన్నెండు నెలల తర్వాత పోయే బోనస్ ఎంత. శనివారం రాత్రి తీస్తే డబ్బు ఎప్పుడు చేరుతుందో ఖాతా తెరిచిన వారమే ఒక పది పౌండ్లు తీసి చూడండి. నేను అలాగే చూశాను, నాలుగు నిమిషాల్లో వచ్చింది.