పెట్టెలో పట్టింది సరే, చేయి తిప్పితేనో?

నువ్వు అడిగింది ఇదే కదా తమ్ముడూ: పోటీ రోబో 18 అంగుళాల కొలత పెట్టెలో పడుతోంది, మరి మ్యాచ్ మొదలయ్యాక చేయి ఎంతైనా చాపొచ్చా, టరెట్ (చేయిని పక్కలకి తిప్పే దిమ్మె) పెడితే ఏమన్నా ఇబ్బందా అని. చాపొచ్చా లేదా అన్నది ఆ ఏడాది పోటీ రూల్స్ పుస్తకం చెప్పాలి. టరెట్‌తో మాత్రం ఇబ్బందే. మేం పడ్డాం కాబట్టి చెప్తున్నా.

నేను తార్నాకలో ఉంటా. ఆదివారాలు ఒక స్కూల్ టీముకి సాయం చేస్తుంటా, ఫస్ట్ టెక్ ఛాలెంజ్ (ఎఫ్‌టీసీ) అనే రోబోల పోటీ ఆడతారు పిల్లలు. 2024–25 సీజన్ ఆట పేరు ఇంటు ద డీప్. అందులో రెండు వేర్వేరు కొలతలుండేవి. మొదలుపెట్టేటప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 18 అంగుళాల్లోపు ఉండాలి. ఆట నడుస్తున్నప్పుడు పైనుంచి చూస్తే రోబో మొత్తం 20 × 42 అంగుళాల దీర్ఘచతురస్రంలో ఇమడాలి. చాలామంది ఆ 42 చేతి పొడవనుకుంటారు. కాదు, ఛాసిస్‌తో (చక్రాలుండే కింది చట్రంతో) కలిపి 42. ఛాసిస్ 18 అయితే ముందుకి మిగిలింది 24 అంగుళాలే. ముందూ వెనకా ఒకేసారి చాపితే ఆ 24నే రెండువైపులా పంచుకోవాలి. పక్కకి రెండంగుళాలే.

మా టరెట్ కథ ఇక్కడే మొదలైంది. ఛాసిస్ నట్టనడుమ టరెట్, దాని మీద చేయిలా జారి చాచుకునే పట్టాలు (స్లైడ్లు), వాటి చివర వస్తువుని పట్టుకునే గ్రిప్పర్. ముందుకి చాపితే సరిగ్గా 42. నేను టేపు పెట్టి కొలిచి ఓకే అనేశాను. టీములో ఎనిమిదో తరగతి పాప ఒకతి పాత పేపర్లు అతికించి 20 × 42 ముక్క ఒకటి కత్తిరించింది, దాన్ని రోబో కిందికి తోసింది. చేయి ముందుకుంటే పేపర్లోనే ఉంది. టరెట్ పక్కకి తొంభై డిగ్రీలు తిప్పి పేపర్ కూడా అటు తిప్పితే అప్పుడూ పట్టింది. నలభై ఐదు డిగ్రీల దగ్గర ఆపి చూద్దాం సార్ అంది. పేపర్ ఎటు తిప్పినా ఏదో ఒక మూల బయటికే. గ్రిప్పర్‌ని లోపలికి తెస్తే ఛాసిస్ మూల బయటపడుతుంది, ఛాసిస్‌ని సర్దితే గ్రిప్పర్ పోతుంది. 18 అంగుళాల చతురస్రానికి మూల నుంచి మూలకి ఇరవై ఐదున్నర అంగుళాలు ఉంటుందన్న సంగతి ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టలేదు!

రెండు చివర్లా రూల్‌లో ఉన్నది మధ్యలో రూల్ దాటుతుంది. నియమం ఏ క్షణానికైనా వర్తిస్తుంది, ఆగినప్పుడే కాదు. లెక్కేస్తే, టరెట్ కేంద్రం నుంచి చేయి సుమారు పదిహేనున్నర అంగుళాలు దాటకపోతే ఏ కోణంలోనైనా పడుతుంది. గ్రిప్పర్‌కి వెడల్పుంది కాబట్టి మేం 13కి కుదించుకున్నాం. కోడ్‌లో తాళం వేశాం: స్లైడ్లు 13 లోపలికి వస్తే తప్ప టరెట్ తిరగదు, టరెట్ సూటిగా ముందుకో పక్కకో ఆగితే తప్ప స్లైడ్లు చాచుకోవు. డ్రైవర్ పిల్లాడు వారం రోజులు సణిగాడు, ప్రతిసారీ అర సెకను పోతోందని.

ఇక 18 పెట్టె సంగతి. వీధి చివర వడ్రంగితో ప్లైవుడ్ పెట్టె చేయించాం. 18 అని చెప్పాను, బయటి కొలతా లోపలి కొలతా అన్నది చెప్పలేదు. ఆయన బయటికి 18 తీశాడు. 12 మిల్లీమీటర్ల చెక్క రెండువైపులా పోగా లోపల దాదాపు అంగుళం తక్కువ. రోబో పట్టట్లేదని రాణీగంజ్‌లో కొన్న అల్యూమినియం ఛానెల్‌ని రంపం పెట్టి కోసేశాక గానీ ఆ సంగతి తెలీలేదు. తప్పు నాదే, ఆయనది కాదు. నువ్వు చేయిస్తే లోపల 457 మిల్లీమీటర్లు అని మిల్లీమీటర్లలోనే చెప్పు. డిజైన్ మాత్రం పదిహేడున్నరకే చెయ్యి. బస్సులో కుదుపులకి ఏదో ఒకటి వంగుతుంది, అసలు రోజున వైరో, కేబుల్ టై తోకో పొడుచుకొస్తుంది. పెట్టె గోడ ఆనుకుని నిలబడితే లోపల పట్టినట్టు కాదు. రబ్బరుతో లాగి పెట్టిన చేయి ఉంటే, పవర్ లేకుండానే అది ముడుచుకుని ఉండేలా కొక్కెం పెట్టండి. మోటార్‌తో ముడిచి ఉంచే పనైతే స్టార్ట్ చేసేటప్పుడు రోబో కదులుతుందని హెచ్చరిక స్టిక్కర్ అంటించాలి.

యూట్యూబ్‌లో చూసిన రోబోని కాపీ కొట్టే ముందు అది ఏ పోటీదో, ఏ ఏడాదిదో చూడు. డబ్ల్యూఆర్ఓ (వరల్డ్ రోబో ఒలింపియాడ్) రోబోమిషన్‌లో మొదట్లో 250 మిల్లీమీటర్ల ఘనం, మొదలయ్యాక పరిమితి లేదు. పెద్ద పిల్లల ఎఫ్ఆర్‌సీలో (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్) కొలత ఫ్రేమ్ అంచు నుంచి బయటికి లెక్క: 2023లో 48 అంగుళాలు, మరుసటి ఏడాదే 12. మన ఎఫ్‌టీసీ ఆట కూడా ప్రతి సెప్టెంబర్‌లో మారుతుంది, కాబట్టి నేను చెప్పిన 20 × 42ని పట్టుకుని కూర్చోకు.

కంటికి ఒక కొలబద్ద కావాలంటే మైదానం టైల్స్ ఉన్నాయి, ఒక్కోటి 24 అంగుళాలు. 42 అంటే రెండు టైల్స్‌కి ఆరంగుళాలు తక్కువ. మా డ్రైవర్‌కి అదే అలవాటు చేశాం.

మీ టరెట్ ఇరుసు మధ్యలో ఉందా, వెనక అంచుకి జరిపారా? మధ్యలో లేకపోతే పైన చెప్పిన పదిహేనున్నర, 13 లెక్కలు మీకు పనికిరావు. ఛాసిస్ కొలత, ఇరుసు ఎక్కడుందో రాసి పెట్టు, నీ సీజన్ పరిమితి అంకెలతో సహా. మధ్య కోణాల్లో ఎంత వస్తుందో లెక్కేసి చెప్తా.