బయానా ఇచ్చే ముందు ఒక్క రాత్రి ఆగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇళ్ల గురించే. ఒక మాట ముందే చెప్పేస్తాను, నేను లాయర్ని కాదు, బ్రోకర్ని అసలే కాదు. మూడు ఇళ్లు కొని, రెండు అమ్మి, ఆ దారిలో తగిలిన దెబ్బలన్నీ గుర్తుంచుకున్న రిటైర్డ్ ఉద్యోగిని. చట్టం సంగతి వచ్చినచోట మీ లాయర్‌కి ఒకసారి చూపించుకోండి.

ప్రశ్న: మియాపూర్‌లో పదకొండేళ్ల పాత ఫ్లాట్ చూశాం, 72 లక్షలు చెబుతున్నారు. మా ఇద్దరికీ నచ్చింది. రేపటికల్లా 5 లక్షలు బయానా ఇమ్మంటున్నారు ఓనర్, లేదంటే వేరే పార్టీ రెడీగా ఉందట. డాక్యుమెంట్లన్నీ క్లియర్ అని బ్రోకర్ అంటున్నాడు. ఇచ్చేయమంటారా? (నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు)

ఇవ్వొద్దమ్మా. ఫ్లాట్ వద్దనడం లేదు, రేపటికల్లా వద్దంటున్నాను. ఆ "వేరే పార్టీ" నేను చూసిన ప్రతి ఇంటికీ ఉన్నాడు, ఒక్కసారి కూడా నా కంట పడలేదు.

నా మొదటి ఫ్లాట్ సంగతి వినండి. టిఫిన్ సెంటర్ బల్ల మీద, చట్నీ మరక పడ్డ తెల్లకాగితం మీద "ముట్టినవి" అని రాయించుకుని 2 లక్షలు ఇచ్చేసి వచ్చాను. వారం తర్వాత ఒరిజినల్స్ చూపించమంటే "బ్యాంకులో ఉన్నాయి సార్, లోను కొంచెమే మిగిలింది" అన్నాడాయన. ఆ కొంచెం 19 లక్షలు. అప్పటిదాకా నాకు ఫోన్ మీద ఫోన్ చేసిన మనిషి, ఆ తర్వాత నేను చేస్తే ఎత్తడానికి కూడా తీరిక లేనట్టు మాట్లాడేవాడు. బయానా మన చేతిలో ఉన్నంతసేపే మన మాటకి విలువ, అది చేతులు మారిందంటే బతిమాలుకోవడం మన వంతు అవుతుంది. ఫ్లాట్ చివరికి దక్కిందిలెండి, కానీ ఆ ఐదు నెలల టెన్షన్ ఎవరికీ వద్దు.

అందుకని ముందు ఒరిజినల్ సేల్ డీడ్, దాని వెనకాల లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు) చూపించమనండి. జిరాక్సులు కాదు, ఒరిజినల్స్. "ఎక్కడున్నాయి" అన్న ప్రశ్నకి జవాబు తడబడితే అక్కడే మీకు సగం విషయం తెలిసిపోతుంది. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మీరే తీసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అయితే ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా పడుకోకండి. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి, రిజిస్టర్ కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న కేసు, అన్నదమ్ముల నోటి పంపకం కనిపించకపోవచ్చు. ఆ పని లాయర్ది. 72 లక్షల సరుకు కొంటూ లాయర్ ఫీజు దగ్గర బేరమాడేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది, నేనూ అలా ఆడినవాణ్నే.

ఓనర్‌కి లోను ఉందనుకోండి, ఉంటే తప్పేం లేదు. బాకీ ఎంతో బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించి తెప్పించుకోండి. ఆ మొత్తం ఓనర్ చేతికి కాకుండా నేరుగా ఆయన లోను ఖాతాకే వెళ్లేట్టు అగ్రిమెంటులో రాయించండి. లోను తీరాక 30 రోజుల్లోపు బ్యాంకు ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని, తన వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు రూలు, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. పాపం చాలామంది ఓనర్లకే ఇది తెలియదు.

ఇక హైదరాబాద్ ఫ్లాట్లకి ప్రత్యేకంగా ఒకటుంది. అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు బిల్టప్ ఏరియాలో పది శాతం కార్పొరేషన్‌కి మార్టిగేజ్ చేయించుకుంటారు, ఓసీ (బిల్డింగ్‌లో కాపురం ఉండొచ్చని కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే దాన్ని వదులుతారు. అలా వదలని ఫ్లాట్లని కూడా కొందరు చల్లగా అమ్మేశారు. మీరు చూసిన ఫ్లాట్ ఆ పది శాతంలో ఉందా, బిల్డింగ్‌కి ఓసీ ఉందా, ఈ రెండూ కాగితం మీద చూడండి. పక్కన చెరువుంటే బఫర్ జోన్, అంటే చెరువు చుట్టూ ఇళ్లు కట్టకూడని జాగా సంగతి కూడా. చెరువు ఆక్రమణల్ని కూల్చే హైడ్రా వచ్చాక దీని గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదనుకుంటాను.

72 లక్షలతో అయిపోదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే 5 లక్షల 40 వేలు. బ్రోకర్‌కి, లాయర్‌కి, సామాను మార్పుకి వేరే. ధర 50 లక్షలు, ఆ పైన అయితే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులో 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది మీరే. 72 వేలు. మర్చిపోతే నోటీసు మీకు వస్తుంది, ఓనర్‌కి కాదు. ఓనర్ విదేశాల్లో ఉండే మనిషైతే ఆ కోత చాలా ఎక్కువ, లెక్కే వేరు, ఆడిటర్‌ని అడక్కుండా రూపాయి కదపొద్దు.

కాగితాలు సరే, ఇంటిని చూడటం నాకు ఒక మామ్మగారు నేర్పారు. నా పాత ఫ్లాట్ నేను అమ్ముతున్నప్పుడు వచ్చిన పార్టీలో ఆవిడ ఒకరు. కూతురూ అల్లుడూ బాల్కనీలో నిలబడి వ్యూ బాగుందని మురిసిపోతుంటే, ఈవిడ మాత్రం తిన్నగా వంటింట్లోకి వెళ్లి కుళాయిలన్నీ ఒకేసారి తిప్పేసి ధార ఎంత సన్నబడుతుందో చూశారు. తర్వాత బెడ్రూంలో బీరువా కాస్త జరపమని, బాత్రూం గోడకి ఇవతలి వైపు అరచేయి ఆనించి అర నిమిషం అలాగే ఉంచారు. చేయి తీసి చీర కొంగుకి తుడుచుకుంటూ నా వైపు చూశారు, ఏమీ అనలేదు. నేనే గబగబా "కొత్త పెయింటేనండీ, మొన్ననే వేయించాను" అన్నాను. "అందుకే చూశా బాబూ" అన్నారావిడ. ధరలో లక్షన్నర అక్కడే పోయింది. మీరూ ఆ బీరువా జరపండి. కుదిరితే వాన పడ్డ మర్నాడు వెళ్లండి, వాచ్‌మన్‌తో ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో మాట్లాడండి. బ్రోకర్ లేనప్పుడు.

ప్రశ్న: నాన్నగారు పోయి మూడేళ్లయింది, వీలునామా లేదు. తెనాలిలో ఆయన కొన్న ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాం. అమ్మ ఉన్నారు. మేం ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కలు. పెళ్లప్పుడు వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చేశాం కాబట్టి అక్కల సంతకాలు అక్కర్లేదని అన్నయ్య అంటున్నాడు. నిజమేనా? (తెనాలి పాఠకుడు)

కాదు తమ్ముడూ. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు అంటే మీ అమ్మగారు, మీరిద్దరు, అక్కలిద్దరు, ఐదుగురికీ సమాన వాటాలు. కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం అన్న లెక్క సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నడవదు. ఒకవేళ అది తాతల నాటి ఆస్తి అయినా మీ అన్నయ్య వాదన నిలవదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే ఆడపిల్లలకి పిత్రార్జితంలో హక్కు ఇచ్చారు. పెళ్లైపోయినవాళ్లకి లేదన్న మెలిక అప్పట్లో ఉండేది, 2005 సవరణతో అదీ పోయింది.

చట్టం పక్కన పెట్టి బజారు సంగతి చూడండి. కాస్త తెలివున్న ఏ కొనుగోలుదారైనా మొదట అడిగేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. అందులో ఐదు పేర్లుండి డీడ్ మీద మూడే సంతకాలుంటే కొనడు, లేదా ఆ భయాన్ని చూపించి పది లక్షలు తగ్గిస్తాడు.

మా ఊళ్లో ఇల్లు అమ్మినప్పుడు మా చెల్లెలు అమెరికాలో ఉంది. దానికి అభ్యంతరం లేదు, ఒక్క సంతకమే కదా అనుకుని, పార్టీ దొరికి అడ్వాన్సు తీసుకున్నాక దానికి ఫోన్ చేశాను. పవర్ ఆఫ్ అటార్నీ డ్రాఫ్టు ఇక్కడి నుంచి పంపడం, అది అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకుని సంతకం పెట్టి కొరియర్ చేయడం, కాగితం ఇండియాకి చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించుకోవడం, మధ్యలో ఇంటి పేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఒకలా డ్రాఫ్టులో ఒకలా ఉందని మొత్తం మళ్లీ మొదటికి రావడం! నాలుగు నెలలు పట్టింది. అగ్రిమెంటు గడువేమో మూడు నెలలు. ఆ పెద్దమనిషి మంచివాడు కాబట్టి ఆగాడు. కాబట్టి ముందు అక్కలతో కూర్చోండి, డబ్బు ఎవరికెంత అన్నది కాగితం మీద పెట్టుకోండి, పార్టీని వెతకడం ఆ తర్వాత. వాటా వద్దని వాళ్లంతట వాళ్లే అంటే రిజిస్టర్డ్ రిలింక్విష్‌మెంట్ డీడ్ రాయించుకోండి. "అక్క నోటితో చెప్పింది" అన్నది ఎక్కడా పనికిరాదు.

ప్రశ్న: ఈశాన్యం తెగిన ఫ్లాట్ ఒకటి ఎనిమిది లక్షలు తక్కువకి వస్తోంది. మాకు వాస్తు పట్టింపు లేదు. (కాకినాడ)

మీకు లేదు, మీ దగ్గర కొనబోయేవాళ్లకి ఉంటుంది. పదిహేను ఇరవై ఏళ్లు మీరే ఉండేట్టయితే నిక్షేపంగా కొనుక్కోండి. నాలుగేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే ఆ ఎనిమిది లక్షలు మీకు మిగిలినట్టు కాదు, అప్పు తెచ్చుకున్నట్టు.

ప్రశ్న: విజయవాడలో మా ఇల్లు 90 లక్షలకి బేరం కుదిరింది. 55కి రిజిస్ట్రేషన్ చేసి మిగతా 35 క్యాష్ ఇస్తామంటున్నారు. అందరూ చేసేదే అంటున్నారు. భయంగా ఉంది. (విజయవాడ గృహిణి)

భయపడటం మంచిదేనమ్మా. ఇల్లు అమ్మకం లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీగా కట్టాల్సి రావచ్చు. పెనాల్టీ పడేది పుచ్చుకున్న మీ మీద.

పన్ను తప్పుతుందనే కదా ఈ తిప్పలు? అసలు పన్ను ఎంతో లెక్క వేయించారా? రెండేళ్లు దాటిన ఇల్లయితే లాభం మీద పన్నెండున్నర శాతం. 2024 జూలై 23 కంటే ముందు కొన్నది కాబట్టి, పాత పద్ధతిలో ద్రవ్యోల్బణం లెక్క కట్టి 20 శాతం వేస్తే తక్కువ వచ్చేట్టుంటే అదే కట్టొచ్చు (మీది ఎప్పుడు కొన్నదో రాయలేదు, పాతదే అనుకుంటున్నాను). ఆ లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా దానికీ మినహాయింపు ఉంది. రిటర్ను గడువులోగా డబ్బు వాడలేకపోతే బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. అంటే చట్టప్రకారమే సున్నా పన్నుకి దారి ఉండగా, 35 లక్షలు బీరువాలో పెట్టుకుని నిద్ర పాడుచేసుకోవడం ఎందుకు? ఆడిటర్ దగ్గరికి ఒక గంట వెళ్లి రండి. వాళ్లు ఒప్పుకోకపోతే పార్టీని మార్చండి.

ప్రశ్న: కొనబోయే ఇంట్లో అద్దెకున్నవాళ్లున్నారు. రిజిస్ట్రేషన్ అయిన నెలకి ఖాళీ చేస్తారంటున్నారు. పర్వాలేదా? (వరంగల్)

ఖాళీ చేశాకే రిజిస్ట్రేషన్ పెట్టుకోండి. కుదరదంటే రెండు మూడు లక్షలు మీ దగ్గరే ఆపి, తాళాలు ఇచ్చిన రోజున ఇచ్చేట్టు అగ్రిమెంటులో తేదీతో సహా రాయించండి. తాళాలు తీసుకునే రోజున కరెంటు మీటర్ రీడింగు ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి, ఇంటి పన్ను, నీటి బిల్లు, మెయింటెనెన్సు బాకీ లేదన్న రసీదులు కూడా అప్పుడే తీసుకోండి. నేను తీసుకోలేదు. పాత వాళ్ల కరెంటు బాకీ 4,300 లైన్‌మన్ ఫ్యూజు పీకడానికి వచ్చిన రోజున కట్టాను.