జాస్పర్ సర్వర్ బ్రౌజర్‌లో బాగానే ఉంది, ఎక్స్‌పోర్ట్ స్క్రిప్టు మాత్రం డేటాబేస్ దగ్గరే ఆగిపోతోంది. ఏం సెట్ చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: టెస్ట్ మెషీన్‌లోని జాస్పర్‌రిపోర్ట్స్ సర్వర్ (రిపోర్టులు దాచి, నడిపి, బ్రౌజర్‌లో చూపించే సాఫ్ట్‌వేర్) నుంచి రిపోర్టుల్ని ప్రొడక్షన్‌కి, అంటే అసలు పని జరిగే సర్వర్‌కి, తీసుకెళ్ళాలి. బ్రౌజర్‌లో లాగిన్ అయితే అన్నీ పనిచేస్తున్నాయి. దానితోపాటే వచ్చే బిల్డోమాటిక్ ఫోల్డర్‌లోని జేఎస్-ఎక్స్‌పోర్ట్ స్క్రిప్టు నడిపితే మాత్రం డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పంటోంది. సర్వర్‌కి సరిపోయిన పాస్‌వర్డ్ దీనికెందుకు సరిపోదు అని కదా మీ సందేహం.

ఈ స్క్రిప్టు మీ సర్వర్‌తో అసలు మాట్లాడదండీ. ఆ సంగతి తెలియక నేను రెండు రోజులు టామ్‌క్యాట్ (జాస్పర్ సర్వర్‌ని నడిపే వెబ్ సర్వర్) లాగ్‌లు తిరగేశాను. అందులో ఒక్క లైను కూడా కనబడలేదు, కనబడదు కూడా. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ రెండూ విడి జావా ప్రోగ్రామ్‌లుగా నడిచి నేరుగా రిపాజిటరీ డేటాబేస్‌లోకి, అంటే సర్వర్ తన రిపోర్టులు, యూజర్లు వగైరా దాచుకునే చోటికి, వెళ్తాయి. బ్రౌజర్‌లో కనబడే వెబ్ అప్లికేషన్ తన పాస్‌వర్డ్‌ని టామ్‌క్యాట్ చదివే కాంటెక్స్ట్ ఫైలు నుంచి తీసుకుంటుంది. ఈ టూల్స్ బిల్డోమాటిక్‌లోని డిఫాల్ట్ మాస్టర్ ప్రాపర్టీస్ ఫైలు మీద ఆధారపడతాయి. ఇన్‌స్టాల్ చేసిన రోజు రెండుచోట్లా ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది. మా దగ్గర ఆరు నెలల తర్వాత డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి, కాంటెక్స్ట్ ఫైలు దిద్ది, టామ్‌క్యాట్ రీస్టార్ట్ చేశాం. రెండో ఫైలు ఎవరికీ గుర్తు రాలేదు. మీదీ అదే కేసు అనుకుంటున్నాను.

కాబట్టి ముందు ఆ ప్రాపర్టీస్ ఫైలు తెరిచి డేటాబేస్ హోస్ట్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూడండి. దిద్ది సేవ్ చేస్తే సరిపోదు. దాన్నుంచి తయారైన అసలు సెట్టింగులు బిల్డ్ కాన్ఫ్ ఫోల్డర్ లోపల డిఫాల్ట్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, పాతవి అలాగే ఉండిపోవచ్చు. బిల్డోమాటిక్‌లోనే ఉండే జేఎస్-యాంట్ స్క్రిప్టుతో క్లీన్-కాన్ఫిగ్, ఆ వెంటనే జెన్-కాన్ఫిగ్ నడిపితే కొత్తవి తయారవుతాయి. ఇంకో మాట, పాస్‌వర్డ్ చివర కనబడని స్పేస్ ఏమైనా ఉందేమో చూడండి. జావా ప్రాపర్టీస్ ఫైల్లో విలువకు ముందున్న స్పేస్‌లు పోతాయి కానీ చివరివి పోవు, అవి కూడా పాస్‌వర్డ్‌లో భాగమే. పాస్‌వర్డ్‌లో బ్యాక్‌స్లాష్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. నేను చాట్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేసిన పాస్‌వర్డ్‌కి చివర స్పేస్ తగులుకుని ఒక సాయంత్రమంతా పోయింది.

రాత్రిపూట క్రాన్‌తో (చెప్పిన టైముకి పనులు తనంతట తానే నడిపే ఏర్పాటు) నడపాలంటే బిల్డోమాటిక్ ఫోల్డర్‌లోకి వెళ్ళాకే స్క్రిప్టుని పిలవండి, జావా హోమ్ కూడా అక్కడే సెట్ చేయండి. మీరు లాగిన్ అయినప్పుడు ఉండే సెట్టింగులన్నీ క్రాన్‌కి ఉండవు. రిపాజిటరీ పెద్దదై మెమరీ చాలదంటే జావా ఆప్షన్లలో హీప్ (జావా వాడుకునే మెమరీ) పరిమితి పెంచండి.

మీది 7.5 లేదా ఆ తర్వాతి వెర్షన్ అయితే ఎన్‌క్రిప్షన్ కీల గొడవ ఒకటుంది. రిపాజిటరీలోని పాస్‌వర్డ్‌ల వంటివి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. ఆ కీలు ఉండే రెండు కీస్టోర్ ఫైళ్ళు, ఇన్‌స్టాల్ చేసిన యూజర్ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే పేర్లతో ఉంటాయి. అందుకే మామూలు లిస్టింగ్‌లో కనబడవు. ఎక్స్‌పోర్ట్‌ని వేరే యూజర్‌తో నడిపితే ఇక్కడే తట్టుకుంటుంది. ఒక సర్వర్ కీ ఇంకో సర్వర్‌కి తెలియదు కాబట్టి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జెన్‌కీ ఆప్షన్ ఇవ్వండి. అది కొత్త కీ తయారుచేసి తెరమీద చూపిస్తుంది. దాన్ని ఇంపోర్ట్‌లో సీక్రెట్-కీ ఆప్షన్‌కి ఇవ్వాలి. ఆ రెండు ఫైళ్ళకీ ఈరోజే బ్యాకప్ తీసి పెట్టుకోండి. అవి పోతే డేటాబేస్ బ్యాకప్ ఉన్నా అందులోని పాస్‌వర్డ్‌లు చదవలేం.

మీరు అడగలేదు గానీ, కనెక్షన్ కుదిరాక మీరు తప్పకుండా చేసే పని ఒకటుంది. ఎక్స్‌పోర్ట్‌కి ఎవ్రీథింగ్, ఇంపోర్ట్‌కి అప్‌డేట్ ఇచ్చేస్తారు. నేనూ అదే చేశాను. అప్‌డేట్ ఇవ్వకపోతే అక్కడ ఇప్పటికే ఉన్న రిపోర్టుల్ని ఇంపోర్ట్ ముట్టుకోదు, అందుకే ఇవ్వాల్సి వస్తుంది. కానీ ఆ ఆప్షన్ రిపోర్టులతో ఆగదు, డేటాసోర్స్‌ని (రిపోర్టు ఏ డేటాబేస్‌ని చదవాలో చెప్పేది) కూడా తిరగరాస్తుంది. ఎర్రర్ ఏమీ రాలేదు, రిపోర్టులన్నీ తెరుచుకున్నాయి, నేను హాయిగా ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు మధ్యాహ్నం అకౌంట్స్ నుంచి ఫోన్: "నిన్న మొత్తం పదకొండు బిల్లులేనా?" ప్రొడక్షన్ రిపోర్టులు పొద్దుటినుంచీ టెస్ట్ డేటాబేస్‌ని చదువుతున్నాయి. పైగా అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా టెస్ట్ సర్వర్‌దే అయిపోయింది. ఆ టెన్షన్‌లో లాగిన్ కూడా కాలేకపోయాను.

యూజర్ల సంగతికి మందు తేలికే, ఇంపోర్ట్‌లో అప్‌డేట్ పక్కన స్కిప్-యూజర్-అప్‌డేట్ ఇవ్వండి. అసలు అన్నీ తీయకుండా యూఆర్‌ఐస్ ఆప్షన్‌తో రిపోర్టుల ఫోల్డర్ ఒక్కటే తీయడం ఇంకా మేలు. అప్పుడు రిపాజిటరీ-పర్మిషన్స్ కూడా చేర్చండి, లేకపోతే ఆ ఫోల్డర్ అనుమతులు వెంట రావు. అయితే ఫోల్డర్ ఒక్కటే తీసినా రిపోర్టు వాడుకునే డేటాసోర్స్ దాని వెంటే వచ్చేస్తుంది. దానికి మందుగా మేం డేటాసోర్స్‌లన్నిటినీ జేఎన్‌డీఐ రకానికి (కనెక్షన్‌ని పేరుతో వెతుక్కునే జావా పద్ధతి) మార్చేశాం. అప్పుడు రిపాజిటరీలో ఉండేది ఒక పేరు మాత్రమే. ఆ పేరు వెనక ఏ డేటాబేస్ ఉందో ఒక్కో మెషీన్‌లోని కాంటెక్స్ట్ ఫైలు చెబుతుంది. అదే పేరుతో రెండుచోట్లా రిసోర్స్ పెట్టుకుంటే ఎన్నిసార్లు తిరగరాసినా ప్రొడక్షన్ రిపోర్టు ప్రొడక్షన్‌నే చదువుతుంది. మార్చడానికి మాకు ఒక పూట పట్టింది. ఆ తర్వాత ఆ ఫోన్ మళ్ళీ రాలేదు.

ఇంపోర్ట్ చేసేముందు టామ్‌క్యాట్ ఆపండి, అయ్యాక లేపండి. సర్వర్ నడుస్తుండగా చేస్తే దాని క్యాష్‌లో పాతవి ఉండిపోయి, ఇంపోర్ట్ అయిందో లేదో తెలియక మళ్ళీ మళ్ళీ నడుపుతూ కూర్చుంటారు. ఆపిన వెంటనే ముందుగా ప్రొడక్షన్ నుంచే ఒక ఎవ్రీథింగ్ ఎక్స్‌పోర్ట్ తీసి, జిప్ ఫైలు పేరులో తేదీ పెట్టుకోండి. ఆరోజు నన్ను ఒడ్డున పడేసింది అలాంటి జిప్ ఫైలే, అదీ మూడు వారాల పాతది.

క్లీన్-కాన్ఫిగ్ చేశాక కూడా అదే ఎర్రర్ వస్తే, పాస్‌వర్డ్ తీసేసి ఆ మెసేజ్ మొత్తం ఇక్కడ పెట్టండి. అందులో ఏ యూజర్, ఏ హోస్ట్ పేరు కనబడుతోందో చూస్తే ఏ ఫైలు చదువుతోందో తెలిసిపోతుంది.