మంట లేకుండా కాలుతుందా?

సందేహం: మా వీధిలో న్యూట్రల్ తీగ తెగి హై వోల్టేజి రావడంతో నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు పనిచేయడం మానేసింది. విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక దుకాణంలో ఇస్తే రశీదు మీద ‘బోర్డు కాలిపోయింది, డేటా మరమ్మత్తు’ అని రాశారు. మంటే లేనప్పుడు కాలడమేమిటి? మరమ్మత్తా, మరమ్మతా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మంట లేకపోయినా తెలుగులో కాలుతుంది. ఇస్త్రీపెట్టె తగిలి చెయ్యి కాలలేదా? పొలంలో మోటారు కాలిపోయిందంటే రైతు నీళ్ల బకెట్టుతో పరుగెత్తడు, వైండింగు చేసేవాడికి కబురు పెడతాడు. అయినా మీ డిస్కు విషయంలో నాకు ‘మాడిపోయింది’ ఇంకా నచ్చుతుంది. న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 దాకా రావచ్చు. అడాప్టరు ఆ దెబ్బకు ఆగలేకపోతే 12 వోల్టులు అందుకోవలసిన బోర్డు మీద పడుతుంది. అలాంటి బోర్డునొకదాన్ని భూతద్దం కింద చూశాను. వోల్టేజి ఎక్కువైతే తానే అడ్డుపడేందుకు పెట్టిన డయోడు, కందిగింజంత ఉంటుంది, నడిమికి చిట్లి నల్లబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అడుగంటిన పప్పుగిన్నె గుర్తొచ్చింది. దానికి మాడటం కంటే సరైన మాట ఏముంది?

‘మరమ్మతు’ అని రాయండి. అరబ్బీలో పుట్టి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన మాట. మూలంలో ‘మ’కు ఒత్తుంది, ‘త’కు లేదు. విద్యుత్ మనకు విద్యుత్తు, జగత్ జగత్తు అయ్యాయి కదా, ఆ వరసలో దీన్నీ కూర్చోబెట్టారు. అలాగని ఉర్దూ మాటలన్నింటికీ ఒకే సూత్రం పనికిరాదు. అమానతుకు ఒత్తు లేదు, కసరత్తుకు ఉంది. ‘కసరతు’ అని రాస్తే అచ్చుతప్పనుకుంటారు.

రశీదులో నన్ను ఇబ్బంది పెట్టింది ‘డేటా మరమ్మత్తు’. చెడినది బోర్డు. లోపలి పళ్లేలు బాగుంటే వాటి మీది సమాచారం చెక్కుచెదరకుండా ఉంటుంది, చేరే దారే మూసుకుపోయింది. బోర్డు మార్చి, పాత బోర్డులోని చిన్న చిప్పును కొత్తదానికి ఎక్కిస్తే (ఆ డిస్కుకే చెందిన కొలతలు అందులో ఉంటాయి, ఊరికే వేరే బోర్డు తగిలిస్తే చాలా డిస్కులు చదవవు) దారి తెరుచుకుంటుంది. కాబట్టి మరమ్మతు బోర్డుకు. డేటాను ‘రాబట్టారు’ అనాలి. మొండి బాకీ రాబట్టినట్టే. నిందితుడి నుంచి పోలీసులు సమాచారం రాబట్టారని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఫైలే చెదిరి, దాన్ని చక్కదిద్దితే అప్పుడు డేటాకూ మరమ్మతు అనవచ్చు.

‘డిస్కు పోయింది’ అనడంలో తప్పేమీ లేదు గానీ కాస్త జాగ్రత్త. కరెంటు పోతే మళ్లీ వస్తుందని ఎవరికైనా తెలుసు. డిస్కు పోయిందంటే మాత్రం, చెడిపోయిందా, ఎవరైనా ఎత్తుకుపోయారా అని వినేవాళ్లు అడుగుతారు.